పంతులమ్మ చూపు, నేనుకాదుగారి సాక్ష్యం

మా వీధి చివర కళ్లద్దాల దుకాణం నడిపే ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, దాన్ని వాడేది ఓటర్ల జాబితా ఒక్కటే. మిగతా అందరికీ ఆయన నేనుకాదుగారు. అద్దం పగిలితే సరుకు పంపినవాడిది తప్పు. నంబరు కుదరకపోతే డాక్టరు దస్తూరీది. చెప్పిన రోజుకు పని కాకపోతే కరెంటుది. "ఈయన తుమ్మినా అది పక్కింటివాళ్లు ఊడ్చిన దుమ్ము వల్లే," అని ఆయన భార్య అంటూ ఉండేది.

న్యాయంగా చెప్పాలంటే పనిలో ఆయనది మంచి చెయ్యి. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చునేదాకా మనిషిని కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. లేనివాళ్లకు ఇవ్వడానికి పాత కళ్లద్దాలు పోగుచేసి, బల్ల కింద ఒక రేకు డబ్బాలో ఉంచేవారు. తప్పు ఒప్పుకోవడం ఒక్కటే ఆయన చేతిలో లేని విద్య.

మా చర్చిలో ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం బైబిల్లోంచి ఆ రోజు పాఠం చదువుతున్నది పంతులమ్మగారు. బడిలో ఆవిడ చేత చీవాట్లు తిననివాళ్లు మా సంఘంలో తక్కువ. నేనుకాదుగారు ఆ తక్కువమందిలో లేరు. ఎంత నోరు తిరగని పేరు వచ్చినా ఆవిడ తడబడగా నేను వినలేదు. అలాంటిది, చదువుకోవడానికి కొత్త కళ్లద్దాలు చేయించుకున్నది మొదలు అక్షరాలు వంకర తిరగసాగాయి. తలనొప్పి పట్టుకుంది. రెండుసార్లు దుకాణానికి వెళ్లారు. రెండుసార్లూ ఆయన ఆ కళ్లద్దాలను చేతిలోకైనా తీసుకోకుండా తీర్పు చెప్పేశారు.

"వయసండీ పంతులమ్మగారూ. దానికి అద్దమేం చేస్తుంది?"

"చిన్నప్పుడు హోంవర్కు చెయ్యకపోతే వాన మీదికి తోసేవాడివి. ఇప్పుడు నా వయసు దొరికింది నీకు," అని ఆవిడ నవ్వారు గాని, మాట నమ్మారు.

ఆ నెల మా సంఘపెద్దల సమావేశానికి వచ్చి, ఇకమీదట పాఠం చదవలేనని రెండు వాక్యాల్లో చెప్పారు. ఆ పని ఎవరికివ్వాలా అని ఆలోచించి, గొంతు పెద్దదన్న కారణంతో మేము నేనుకాదుగారికే అప్పగించాం. తెలియక చేసిన నిర్ణయమే అయినా అందులో నా చెయ్యి కూడా ఉంది గనుక ఆ సంగతి ఇక్కడ రాయక తప్పదు.

తర్వాతి భాగం ఆయన స్వయంగా నాతో చెప్పినది. ఒక గురువారం పంతులమ్మగారు ఆ కళ్లద్దాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "నీ డబ్బాలో వేసుకో నాయనా. ఎవరికైనా పనికొస్తాయి," అని వెళ్లిపోయారు. డబ్బాలో వేసే ప్రతి జతకూ నంబరు చూసి చీటీ అంటించడం ఆయన పద్ధతి. యంత్రం కింద పెట్టి చూశారు. కుడి అద్దం ఎడమ కంటికీ, ఎడమ అద్దం కుడి కంటికీ బిగించి ఉన్నాయి.

అలవాటు కొద్దీ ఆయన చుట్టూ చూశారు. పనిలో సాయం చేసే బావమరిది, ఇవి తయారైన వారమంతా ఊళ్లోనే లేడు. డాక్టరు చీటీ తీస్తే, ఆ ఒక్కసారికి అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. అద్దాలు బిగించినవాళ్లు సంతకం పెట్టే పని కవరు మీద ఉన్న సంతకం తనదే.

భోజనానికి పిలవడానికి వచ్చిన భార్య ఆయన వాలకం చూసింది. "ఏం వెతుకుతున్నారు?"

"ఎవరైనా దొరుకుతారేమోనని."

"ఎవరు?"

"అదే తెలియడం లేదు."

మర్నాటికల్లా అద్దాలు కొత్తగా కోసి బిగించారు. తప్పు దిద్దారు గాని ఒప్పుకోలేదు. పంతులమ్మగారింటికి వెళ్లి, "కొత్తరకం అద్దం వచ్చిందండీ, ఓసారి పెట్టి చూడండి," అన్నారు. ఆవిడ పెట్టుకుని, మందుసీసా మీద చీమల బారులా ఉన్న అక్షరాలను కంపెనీ చిరునామాతో సహా చదివేశారు. సీసా కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"దేవుడు నీ చేతి మీదుగా నా చూపు తిరిగిచ్చాడు నాయనా. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఈ మేలు గురించి సాక్ష్యం చెబుతాను."

"ఎందుకండీ, అంత అవసరమా?"

"నువ్వు వద్దంటే ఆగుతానా? నా పక్కన నిలబడు, చాలు."

శనివారం రాత్రిదాకా ఆ సంగతి లోపలే దాచుకున్నారు. చివరికి భార్యకు చెప్పారు.

"తప్పులన్నీ ఊళ్లోవాళ్లకి పంచారు. మెప్పు మాత్రం మీరే ఉంచుకుంటారా?" అంది ఆవిడ.

"నిజం చెబితే కొట్టుకి ఎవరొస్తారే?"

"చెప్పకపోతే ఇంటికి మీరు ఏ మొహంతో వస్తారు?"

ఆ ఆదివారం పాఠాన్ని ఎవరూ పనిగట్టుకుని ఎంచుకోలేదు. చర్చి ఏడాది పట్టికలో ముందే ఉంది. తోటలో మొదటి మనిషి పండు తిని, దేవుడు అడిగితే భార్యను చూపించడం, ఆమె పామును చూపించడం. నేనుకాదుగారు పెద్ద గొంతుతోనే మొదలుపెట్టారు. భార్యను చూపించిన చోట గొంతు చిన్నదైంది. పాము దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ముందు వరుసలో పంతులమ్మగారు సాక్ష్యానికి సిద్ధంగా కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

"పంతులమ్మగారి చూపు ఎక్కడికీ పోలేదు," అన్నారాయన. "కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించాను. ఆవిడ రెండుసార్లు వస్తే చూడకుండానే వయసు మీదికి తోశాను. మొన్న తెలిశాక చాటుగా సరిచేసి, మంచివాణ్ణి అనిపించుకుందామనుకున్నాను. చేసింది నేనే."

ఆ చివరి మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. వెనక వరుసలో ఒకాయన నమ్మలేక, "ఎవరూ?" అని పైకే అడిగాడు.

"నేనే," అన్నారు మళ్లీ. పుస్తకం మూసి వేదిక మెట్లు దిగబోయారు.

పంతులమ్మగారు లేచారు. "ఎక్కడికి? పాఠం ఎవరు పూర్తి చేస్తారు?"

"నాకు ఆ అర్హత లేదండీ."

"అర్హత సంగతి నేనడగలేదు. నాలుగు నెలలు తలనొప్పి తెప్పించావు, నాకిష్టమైన పని నా చేత మాన్పించావు. అది చిన్న తప్పని నేననను. క్షమించాను. అదీ చిన్న మాట కాదు. కానీ బడిలోనూ ఇంతే నువ్వు, లెక్క సగం చేసి పలక పక్కన పెట్టేసేవాడివి. ఇంకా కిందికి చూడు. వాళ్లని తోట బయటికి పంపకముందే దేవుడు తన చేత్తో బట్టలు చేసి తొడిగాడు. అక్కడిదాకా రాకుండా పుస్తకం మూసేస్తే ఎలా?"

ఆయన పుస్తకం తెరిచారు గాని, కళ్లు నిండిపోయి అక్షరాలు కనబడలేదు. ఆవిడ మెల్లగా మెట్లెక్కి, ఆయన పక్కన నిలబడి, మిగిలినదంతా తానే చదివారు. ఎక్కడా తడబడలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆ పని మళ్లీ ఆవిడదే.

సోమవారం నుంచి నేనుకాదుగారు ఇంటింటికీ తిరిగి, ఆ నాలుగు నెలల్లో తాను చేసిన ప్రతి జతనూ తీసుకువెళ్లి పరీక్షించారు. ఇంకొక్క జతలో తేడా వచ్చింది. దాన్ని పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, నేను అడగకముందే, "నేనేనండీ," అన్నారు.

అప్పటికి నేను, వార్తాపత్రిక అచ్చు నానాటికీ పాడైపోతోందని సంపాదకుడికి రెండు ఘాటైన ఉత్తరాలు రాసి ఉన్నాను. మూడోది క్షమాపణ ఉత్తరం. అది కొత్త అద్దాలతో రాశాను.