ముందే బయల్దేరిన సంచి

రువాండా నుంచి మా అక్క ఫోన్ చేసి, ఈ సెలవుల్లో ముగ్గురూ ఇక్కడికి వచ్చేయండి, పాపకు జంతువులన్నీ చూపిస్తాను అన్నప్పుడు నేను మొదట తెరిచింది మందుల ఫైలు. బావ అక్కడి కాలేజీలో లెక్కలు చెబుతారు. వాళ్ళ ఇల్లు రాజధాని కిగాలిలో. మన పాత గుంటూరు జిల్లాకు రెండింతల కంటే కాస్త పెద్దది, అంతే ఆ దేశం. అందులోనే కొండలు, చిరుతలు, గొరిల్లాలు, సరస్సుల నిండా నీటిగుర్రాలు. కిగాలి నుంచి రెండున్నర గంటలు కారులో వెళితే అకగేరా అనే అడవి. అక్కడ జిరాఫీలు ఉంటాయని అక్క చెప్పింది. ఫోన్ స్పీకర్లో ఉంది. పక్కనే అన్నం తింటున్న మా ఆరేళ్ళ పాప ఆ మాట వింది. ఇక నా చేతుల్లో ఏమీ లేకుండా పోయింది.

డిగ్రీలో నేను జువాలజీ చదివాను. జిరాఫీ మెడలో కూడా మనలాగే ఏడు ఎముకలే ఉంటాయని పరీక్షలో రాశాను కానీ జిరాఫీని చూడలేదు. చూసే ఆశ నాకు మాత్రం లేదా? కానీ పాపకు రెండేళ్ళప్పుడు మాచర్ల వెళ్ళి ఎత్తిపోతల జలపాతం చూసి తిరిగొస్తుంటే, పిడుగురాళ్ళ దగ్గర బస్సులోనే జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. రెండు నిమిషాలే. నాకు మాత్రం ఆ రెండు నిమిషాలు ఇంకా అయిపోలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అయిదేళ్ళు దాటాక వచ్చే అవకాశం చాలా తక్కువని నరసరావుపేటలో మా పిల్లల డాక్టరు ఎన్నోసార్లు చెప్పారు. అయినా ఆ తర్వాత అరకు రద్దు చేశాను. ఊటీ రద్దు చేశాను. పెళ్ళిళ్ళకు మా ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చేవారు.

ఈసారి రద్దు చేయకుండా ఉండాలంటే అన్నీ ముందే రాసుకోవాలి అనుకున్నాను. నోటు పుస్తకంలో పన్నెండు పేజీలయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వానలు, జూన్ మొదటికి తగ్గుతాయి, బడి తెరిచేలోగా ఒక వారం దొరుకుతుంది. గొరిల్లాల దగ్గరికి పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని పోనివ్వరు, కాబట్టి అది వద్దు. ఎల్లో ఫీవర్ టీకాలు. దోమతెర. అకగేరాలో ఒకరకం ఈగలు ముదురు నీలం, నలుపు బట్టల మీద వాలి కుడతాయట, కాబట్టి పాపకు ఎంతో ఇష్టమైన నీలం గౌను బీరువాలోనే ఉండాలి. ఆ విషయం చెప్పడానికి నాకు రెండు రోజులు, ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. మా ఆయన పుస్తకం తిరగేసి, "ఏనుగుకు జలుబు చేస్తే ఏమియ్యాలో రాయలేదేందే?" అన్నారు.

టికెట్లు మంగళవారానికి దొరికాయి. మంగళవారం గుమ్మం దాటడం మా అత్తగారికి కుదరని పని. ఆవిడ బొల్లాపల్లి దగ్గర మిరప చేలల్లో పెరిగిన మనిషి. విమానం అంటే భయం లేదు, వారం అంటే భయం. దానికి మా ఇళ్ళల్లో ఒక ఉపాయం ఉంది. మంచి రోజు చూసి ఒక సంచి సర్ది ముందుగా వేరేవాళ్ళ ఇంట్లో పెట్టి వస్తారు. పరస్థానం పెట్టడం అంటారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. తర్వాత మనుషులు ఏ రోజు కదిలినా తప్పు లేదు. షరతు ఒక్కటే. గడప దాటిన సంచి ప్రయాణం చేసి రావాలే తప్ప, ఊరికే తిరిగి ఇంటికి రాకూడదు.

దానికి ముందు గురువారం పొద్దున్నే అత్తగారు తొందరపెడితే, అప్పటికి సర్దుకుని సిద్ధంగా ఉన్న సంచి ఇచ్చాను. పాప చేత ఒక చెయ్యి వేయించి దాన్ని ఎదురింటి పిన్ని వాళ్ళ ముందు గదిలో పెట్టి వచ్చారు. నా దగ్గర సిద్ధంగా ఉన్న సంచి ఏదంటే మందులది. అందులోనే పాప ఫైలు, ఇంట్లో ఉన్న రెండు థర్మామీటర్లు, ఒకటి పాడైతే ఇంకొకటని. పైన చేగోడీలు, కందిపొడి, కారప్పొడి. అన్నీ కవర్లలో, ఆ కవర్లు మళ్ళీ ఇంకో కవర్లో.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఏమేం సర్దావని అడిగితే గొప్పగా చదివి వినిపించాను. అక్క చివరిదాకా వింది. తర్వాత, "ఏమే, ఈ దేశంలోకి ప్లాస్టిక్ కవరు రానివ్వరే. ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు" అంది. పన్నెండు పేజీల్లో ఆ ఒక్క ముక్క లేదు.

సంచి ఇంటికి తేకూడదు కాబట్టి మేమే సంచి దగ్గరికి వెళ్ళాం. పిన్ని వాళ్ళది కిరాణా కొట్టు. బాబాయి తల ఊపుతూ అంతా విని, లోపలికి వెళ్ళి పాత పేపర్లు, పురికొస ఉండ తెచ్చుకుని కింద కూర్చున్నారు. కవర్లు వచ్చాక ఆయన చేతికి పొట్లం కట్టే పని తప్పిపోయిందట. మొదటిది వంకరగా వచ్చింది. రెండోదానికి వేళ్ళకు గుర్తొచ్చింది. కాగితం మడిచి, చెవులు లోపలికి నొక్కి, కొస నాలుగు చుట్లు తిప్పి తెంపితే కందిపొడి ఒక్క రవ్వ రాలలేదు. పిన్ని పాత దుప్పటి చించి మందులకు చిన్న సంచులు కుట్టింది. పాప బాబాయి పక్కనే కూర్చుని ఆయన వేళ్ళనే చూస్తూ, కట్టిన పొట్లాల మీద బొమ్మలు వేసింది. చేగోడీల మీద జిరాఫీ, కారప్పొడి మీద సింహం. "కవరు లేకుండా బతుకుతున్నారంటే ఆ దేశమేందో చానా బుద్ధిగల దేశం. నన్ను కూడా తీసుకుపోండమ్మాయ్" అన్నారు బాబాయి.

ఆదివారం పొద్దున పాప బాత్రూంలోనుంచి బయటికి రాదు. మాటిమాటికీ నీళ్ళ చప్పుడు. తలుపు తోసి చూస్తే చన్నీళ్ళతో ముఖం కడుక్కుంటోంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగిలింది.

ఎప్పటినుంచి అని అడిగాను. తల వంచుకుంది. రెండోసారి అడిగితే, "రాత్రినుంచి. చెబితే ఆపేస్తావుగా" అంది.

ఒళ్ళు కాస్త వెచ్చబడినా టికెట్లు రద్దు చేస్తానని అక్కతో ఫోన్లో ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్క లేదు. అన్నీ వింది. జ్వరం పెరిగితే ఏమవుతుందోనని నాలుగేళ్ళుగా భయపడుతున్నాను. నా భయం వల్లే పిల్ల రాత్రంతా జ్వరాన్ని నా దగ్గర దాచిపెట్టి పడుకుంది.

అయినా నోట్లోంచి వచ్చింది పాత మాటే. సంచి తెచ్చేస్తాను, ప్రయాణం వద్దు అన్నాను. మా అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"సంచి బయల్దేరింది, ఇక రాదు. పిల్లనే సంచి దగ్గరికి ఎత్తుకెళ్ళు" అన్నారు.

ఎత్తుకుని రోడ్డు దాటాను. పిన్ని వాళ్ళ ముందు గదిలో, కారప్పొడి సింహం పక్కన కూర్చోబెట్టి థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిదిన్నర. నమ్మకం కుదరక రెండోదీ పెట్టాను. అదీ అంతే. డాక్టరుకు ఫోన్ చేశాను. జలుబు జ్వరం, సిరప్ ఇవ్వండి, సోమవారం సాయంత్రానికి తగ్గితే నిశ్చింతగా వెళ్ళండి అన్నారు.

సిరప్ తాగించి పాపకు ఒక మాట ఇచ్చాను. "ఒంట్లో ఎట్టా ఉన్నా నాకు చెప్పు. చెప్పావని ఏదీ ఆపను. ఆపాలో వద్దో డాక్టరు చెబుతారు."

పాప నమ్మలేదు. "నాయనమ్మ మీద ఒట్టేస్తావా?"

"నా మీద దేనికే? కావాలంటే మీ నాన్న మీద వేయించుకో" అన్నారు వెనకే వచ్చిన మా అత్తగారు. అప్పటికింకా నిద్రపోతున్న మా ఆయన ఇంట్లోనే ఉండబట్టి బతికిపోయారు.

సోమవారం మధ్యాహ్నానికి జ్వరం పోయింది. సాయంత్రం మళ్ళీ చూశాను, లేదు. మంగళవారం ఎదురింటి నుంచి సంచి తీసుకుని మా ఆయన భుజాన వేసుకున్నారు. బాబాయి ఎందుకైనా మంచిదని ఒక పురికొస ఉండ కూడా ఇచ్చారు. హైదరాబాదు బస్సు ఎక్కాం.

పిడుగురాళ్ళ వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే పాప నుదుటి మీదికి వెళ్ళింది. చల్లగా ఉంది. అప్పుడే పాప నా వైపు తిరిగి, "అమ్మా, కడుపులో ఏందో తిరుగుతుంది" అంది.

మెల్లగా ఏం తిన్నావని అడిగాను. ఒళ్ళో జిరాఫీ పొట్లం విప్పి ఉంది. సగం చేగోడీలు లేవు.

"చెప్పావు కదా, మంచి పని చేశావు" అన్నాను. నీళ్ళు తాగించి కిటికీ కొంచెం తెరిచాను. మిగతా సగాన్ని మళ్ళీ పొట్లం కట్టబోతే చెవులు లోపలికి ఎలా నొక్కాలో నాకు రాలేదు. పాప తీసుకుని కట్టింది. బస్సు పిడుగురాళ్ళ దాటింది.