ఆమె కార్డు మీద ఇంకో దేశం

కువైట్‌లోని సాల్మియాలో ఒక పళ్ల ఆసుపత్రిలో రికార్డుల పని నాది. నా పక్క కుర్చీలో ఆరేళ్లపాటు ఒక అరబ్బు ఆవిడ కూర్చుంది. ఆమె పుట్టింది ఈ దేశంలోనే, ఆమె తండ్రి పుట్టిందీ ఇక్కడే. అయినా ఆమెకు ఏ దేశపు పౌరసత్వమూ లేదు. అలాంటివాళ్లను ఇక్కడ బిదూన్ అంటారు. విజయవాడ నుంచి వచ్చిన నాకు ఇఖామా, అంటే నా నివాస అనుమతి, రెన్యువల్ దాటి అలాంటివి పెద్దగా పట్టేవి కావు.

ఒక ఉదయం ఆమె హ్యాండ్‌బ్యాగు కూడా దించకుండా ప్రభుత్వం ఇచ్చిన కొత్త గుర్తింపు కార్డు తీసి నా ముందు పెట్టింది.

"చదువు."

కార్డు వెనక, మూలం అన్నచోట, వేరే దేశం పేరు ఉంది.

"ఆ దేశాన్ని మ్యాపులో తప్ప చూళ్లేదు నేను. ఎవరు రాశారని అడిగితే కంప్యూటర్లో అలా ఉందన్నారు. ఒప్పుకుని సంతకం పెట్టమంటున్నారు. పెడితే నా పిల్లలకీ అదే రాస్తారు. ఆ దేశంవాళ్లకి మేమెవరో కూడా తెలీదు."

మధ్యాహ్నం ఆమెతో లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఓ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. జాతి, మూలం, భాష, మతం తేడా లేకుండా మనుషులంతా సమానమని రాజ్యాంగంలో ఉందట. ఆమె మొహం విప్పారింది. ఆయన పుస్తకం మూసేశాడు.

"కానీ జాతీయత విషయాలు కోర్టులు విచారణకు తీసుకోవు. సంతకం పెట్టడమే మంచిది."

సాయంత్రం మేనేజరు నన్ను పిలిచాడు. "ఆమె ఫైల్లో మూలం కొత్త కార్డు ప్రకారం మార్చెయ్యండి. లేకపోతే ఆమె పని పర్మిట్ ఆగిపోతుంది." ఒక్కరోజు గడువడిగాను.

ఇదంతా విన్న మా క్లీనరు, జగిత్యాల ఆయన, టీ కప్పు నా బల్ల మీద పెడుతూ గొంతు తగ్గించాడు. "మేడం, ఆమె ఈడనే పుట్టింది గదా. రేపు మనకు గూడ గిట్లనే ఏమన్న రాస్తరా?" నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఇంటికి బయల్దేరుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా ఫైల్లో అది నువ్వు రాయకు."

"నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు కదా."

"ఇంకొకరినే రాయనీ."

మర్నాడు నేనే రాశాను. అరనిమిషం కూడా పట్టలేదు. జాబితాలో ఆ దేశం పేరు ఉండనే ఉంది, నొక్కితే చాలు.

ఆమె సంతకం పెట్టకుండా కార్డు ఇచ్చిన ఆఫీసుకే తిరిగిచ్చేసింది. గుర్తింపు కార్డు లేక, కొన్నాళ్లకు ఆమె బ్యాంకు కార్డు పనిచెయ్యడం మానేసింది. చెల్లే కార్డు లేని మనిషిని పనిలో ఉంచుకోలేమని మేనేజరు ఖలాస్ అన్నాడు. ఆమె సొరుగు ఖాళీ చేసుకుంటుంటే నేను సాయం చెయ్యబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. నా వైపు చూడలేదు. తర్వాత రెండుసార్లు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మూడోసారి ఆ నంబరే లేదు.

నిన్న ఆ దేశం పేరు తీసేద్దామని ఆమె ఫైలు తెరిచాను. ఆ గడి మార్చడానికి వీల్లేకుండా తాళం పడి ఉంది. దాని కింద, నమోదు చేసినవారు అన్నచోట, నా ఉద్యోగి నంబరు ఉంది.