గీత కనపడలేదన్నాను

నాలుగేళ్ళుగా ఈ మాట నా లోపలే ఉంది. నా భర్తకి చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. "నా తప్పులు క్షమించు" అనేదాన్ని. తప్పులు అని బహువచనం వాడితే అందులో ఏదైనా దాచుకోవచ్చు. నేను చెప్పాల్సింది ఒక్కటే. ఒక శనివారం మధ్యాహ్నం, ఒంటి మీద తెలివి ఉండగానే, ఎవరూ బలవంతం చేయకుండా చేశాను. దానివల్ల ఒక మనిషి పోయారు. ఆ చావుకి కారణం తానేనని ఇంకొకరు ఇవాళ్టికీ నమ్ముతున్నారు. నమ్మనిచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. డండాక్‌కి అరగంట దూరం అనుకోండి, చాలు.

నేను నర్సుని. బాపట్ల దగ్గర పుట్టి, గుంటూరులో చదివి, పదేళ్ళ కిందట ఐర్లండ్ వచ్చాను. నా భర్తకి రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. దేశానికి ఆ కొసన ఆయన, ఈ కొసన నేను. రెండు వారాలకోసారి కారేసుకుని వచ్చేవారు. మిగతా రోజుల్లో డ్యూటీ, అద్దె ఇల్లు, అమ్మతో ఫోను. వార్డులో అందరూ మంచివాళ్ళే. కానీ వార్డు దాటి బయటికొస్తే ఆ ఊళ్ళో నన్ను ఆపి పలకరించే మనిషి లేరు. ఇది సాకుగా చెప్పడం లేదు. ఏమో, సాకేనేమో. చదివి మీరే తేల్చుకోండి.

డెస్ నా వార్డుకి రోగిగా వచ్చారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయంటే నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేవారు. పది రోజులు ఉన్నారు. ఇంటికెళ్ళే రోజు ఒక సంగతి చెప్పారు. ఊరి బయట ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న ఐస్ రింక్‌ని ఎవరో బాగుచేయించి హాకీ జట్టు పెడుతున్నారట. పెద్ద లీగులో కొత్త జట్టుగా చేర్చుకున్నారట. ఆటగాళ్ళ స్కేట్లకు సాన పట్టడానికి, బట్టలు ఉతకడానికి తాను కుదిరారట. మ్యాచ్ రోజుల్లో ఉండడానికి ఒక నర్సు కావాలట.

నాకు ఆ ఆటేమిటో తెలియదు. మంచు మీద స్కేట్లతో జారుతూ, పొడుగాటి కర్రలతో ఒక నల్ల రబ్బరు బిళ్ళను గోల్లోకి కొట్టాలని డెస్ టీ కప్పులు అటూ ఇటూ జరిపి చూపించారు. వెళ్ళాను.

మొదటి మ్యాచ్ పదకొండు ఒకటితో ఓడాం. ఓడారు అని రాయాలి నిజానికి. ఓడాం అనే వస్తోంది.

ఆ ఏడాదంతా అంతే. రేకుల కప్పు కారేది. సెప్టెంబరులో బయట కాస్త ఎండ కాస్తే మంచు మీద పొగమంచు లేచి, ఆట ఆపి, ఆటగాళ్ళంతా గుండ్రంగా తిరిగి దాన్ని చెదరగొట్టేవాళ్ళు. ఉత్తరం నుంచి వచ్చే జట్ల వెనక వాళ్ళ అభిమానులు బస్సుల్లో వచ్చేవారు. మా ఊళ్ళో మా వాళ్ళకంటే వాళ్ళ కేకలే ఎక్కువ వినిపించేవి. మా ఆటగాళ్ళు కెనడా నుంచి, లాట్వియా నుంచి వచ్చినవాళ్ళు, నలుగురైదుగురు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఒకడు క్రిస్మస్‌కి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు. గోల్‌కీపరు మారెక్ స్లొవాకియా మనిషి, ముప్ఫై దాటినవాడు. ఒక్కో మ్యాచ్‌లో యాభై సార్లు బిళ్ళ అతని మీదికి దూసుకొచ్చేది. ఆట అయ్యాక నా గదిలో కూర్చుంటే భుజాల నిండా నల్లగా కమిలిన మచ్చలు. ఐస్ పెట్టేదాన్ని. ఆ సీజన్‌లో సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ గెలవలేదు.

ఒకసారి మా ఆయన వచ్చి చూశారు. సగం ఆటలోనే చేతులు చంకల్లో పెట్టుకుని, "ఏంటే, ఓడిపోయేవాళ్ళ కోసం ఈ చలిలో కూర్చుంటావా? ఇంట్లో పడుకోవచ్చుగా," అన్నారు. నేను నవ్వేశాను. ఏం చెప్పను? అక్కడ టికెట్లు చింపే ఆవిడకి నా పేరు తెలుసు. పిల్లలు నాకు చేతులూపేవాళ్ళు. డెస్ నాకోసం ఒక కప్పు విడిగా ఉంచి, నాకిష్టమైనట్టు చిక్కగా టీ పెట్టేవారు. ఆ ఊళ్ళో నేను దేనిలోనైనా భాగమయ్యానంటే అది ఆ ఓడిపోయే జట్టులోనే.

ఆ మార్చిలో అన్నీ మూసేశారు. మంచు గడ్డకట్టించే యంత్రం ఆపేశారు. కరగడానికి నాలుగు రోజులు పట్టిందని డెస్ ఫోన్లో చెప్పారు. రోజూ వెళ్ళి చూస్తూ కూర్చున్నారట.

నేను కోవిడ్ వార్డులో పడ్డాను. అక్కడ చూసినవి ఇప్పుడు చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది నాకు వ్యతిరేకంగా సాక్ష్యం. ఊపిరి అందని మనిషి ఎలా పోతాడో నాకు తెలుసు. అలా పోతున్నవాళ్ళ చెవి దగ్గర ఫోను పెట్టి, వాళ్ళ పిల్లల గొంతులు వినిపించాను. తెలియక చేశాననే దారి నాకు లేదు.

ఏడాదిన్నర తర్వాత రెండో సీజన్ మొదలైంది. అప్పటికి టీకాలు వచ్చాయి. జట్టు ఇంకా చిక్కిపోయింది. మనుషులు చాలక ఊళ్ళో సరదాగా ఆడే ప్లంబర్నీ, స్కూలు మాస్టారినీ చేర్చుకున్నారు. ఒక మ్యాచ్‌కి జట్టే నిండక రద్దయింది. ఇంకొకటి రద్దయితే లీగ్‌లోంచి తీసేస్తామన్నారు. మళ్ళీ సొంత ఊళ్ళో వరసగా ఓటములు.

నాకిప్పుడు కొత్త బాధ్యత వచ్చింది. మ్యాచ్‌కి రెండు గంటల ముందు ప్రతి ఆటగాడికీ పక్క గుమ్మం దగ్గర గదిలో యాంటిజెన్ పరీక్ష. ఒక గీత వస్తే లోపలికి. రెండు వస్తే ఇంటికి. చివర్న నా సంతకం. డెస్ మాస్కు పెట్టుకుని సామాన్ల గదిలోనే ఉండేవారు. నేను సంతకం పెట్టాక వచ్చి ప్రతిసారీ ఒకే మాట అడిగేవారు, అందరూ గ్రాండేనా అని. ఇక్కడివాళ్ళ మాటల్లో గ్రాండ్ అంటే బాగున్నట్టు. గ్రాండ్ అంటేనే ఆటగాళ్ళ గదిలోకి వెళ్ళేవారు.

డిసెంబరులో ఆ శనివారం మారెక్ చివర్లో వచ్చాడు. రెండో గోల్‌కీపరు తొడ కండరం చిట్లి ఇంట్లో ఉన్నాడు. మారెక్ లేకపోతే మ్యాచ్ లేదు. మ్యాచ్ లేకపోతే జట్టు లేదు. ఇవన్నీ నా బుర్రలో అప్పటికే ఉన్నాయి. అతను పరీక్ష చేసుకుని, కార్డుని కిటికీ వైపు వంచి చూసి, నాకిచ్చాడు.

"నాకేదో కనిపిస్తోంది. చాలా లేతగా. మీరు చూడండి."

చూశాను. ఉంది. లేత గులాబీ రంగులో, పెన్సిల్‌తో గీసి చెరిపేసినట్టు. కానీ ఉంది.

"గొంతు నొప్పి ఉందా?" అన్నాను.

"పొద్దున కొంచెం. చలికేమో."

"జ్వరం?"

"తెలియదు. మీరు చెప్పండి. మీరు వద్దంటే వెళ్ళిపోతాను, ఏం ఫరవాలేదు."

అతను నిజాయితీగా అడిగాడు. వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంకో కార్డు తీసి మళ్ళీ పరీక్ష చేయొచ్చు. డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. చేయలేదు. ఎందుకు చేయలేదు? గీత ముదురుతుందని భయం.

"నాకేమీ కనపడటం లేదు, మారెక్. నీడ అది. వెళ్ళి ఆడు," అన్నాను.

కార్డుని చెత్తబుట్టలో, మిగతా కార్డుల కింద వేశాను. కిందికి తోశాను. ఆ చెయ్యి నాకిప్పటికీ గుర్తు. సంతకం పెట్టాను. డెస్ తలుపు దగ్గరికొచ్చి, "అందరూ గ్రాండేనా, నర్స్?" అన్నారు.

"గ్రాండ్," అన్నాను.

ఆ రోజు గెలిచాం. మూడు రెండు. సొంత ఊళ్ళో మొదటిసారి. మారెక్ ఆడినట్టు ఎవరూ ఆడగా నేను చూడలేదు. చివరి నిమిషంలో మంచు మీద అడ్డంగా పడిపోయి కాలితో ఆపాడు. ఉన్న మూడు వందల మందీ లేచి నిలబడ్డారు. టికెట్లావిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆటగాళ్ళ గదిలో పాటలు, అరుపులు. డెస్ లోపలికెళ్ళారు. నవ్వితే ఊపిరాడక మాస్కు గడ్డం కిందికి లాక్కున్నారు. మారెక్ ఆయన్ని కావలించుకుని పైకెత్తేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు. డెస్, మాస్కు వేసుకోండి, బయటికి రండి. నోరు తెరవలేదు. తెరిచి ఉంటే ఎందుకని అడిగేవారు. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆ క్షణంలో నేను సంతోషంగా ఉన్నాను.

సోమవారం మారెక్‌కి జ్వరం. మంగళవారానికి ఎనిమిది మందికి. నేను నివేదికలో మారెక్‌కి మొదటి లక్షణం సోమవారం అని రాశాను. బయటి జట్టు నుంచి వచ్చి ఉండొచ్చని ఇంకో వాక్యం చేర్చాను. మారెక్ ఫోన్ చేసి, "ఆ గీత..." అని మొదలుపెట్టాడు. శనివారం ఏమీ లేదని మళ్ళీ చెప్పాను. నన్ను నమ్మాడు. నేను నర్సుని కదా.

బుధవారం డెస్ ఆస్పత్రికి వచ్చారు. నా వార్డుకే. టీకాలన్నీ వేయించుకున్నారు, కానీ ఆ ఊపిరితిత్తులకి తట్టుకునే బలమేదీ? తొమ్మిది రోజులు. ఆక్సిజన్ మాస్కు కాస్త తప్పించి నాతో అన్న మాటలు తక్కువ. మూడోరోజు, "మారెక్ ఎలా ఉన్నాడు?" అని అడిగారు. కోలుకుంటున్నాడన్నాను. తల ఊపారు. గదిలో ఇద్దరమే ఉన్నాం. చెప్పాల్సింది అప్పుడే. ఈ స్థితిలో ఆయన్ని కదిలించకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. మంచి నర్సు అలాగే ఆలోచిస్తుంది. ఆయన కోసం ఆలోచించానా, నా కోసమా? క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు పోయారు. కళ్ళు మూసింది నేనే.

ఆయనకి ఒక్కతే కూతురు, నూలా. చిన్న పిల్లల స్కూల్లో టీచరు. మ్యాచ్ మర్నాడు, ఆదివారం, తండ్రిని ఇంటికి పిలిచి భోజనం పెట్టింది. సమాధి చేసిన రోజు చర్చి బయట వానలో నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా క్లాసులో ముగ్గురు పిల్లలు ఆ వారం రాలేదు. నాకూ అప్పుడు గొంతు గరగరలాడింది. అయినా నాన్నని రమ్మన్నాను. నేనే అంటించాను ఆయనకి."

"ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, నూలా," అన్నాను.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అయినా నా జన్మలో అంతకంటే పిరికి మాట అనలేదు. ఆమె నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది, ఓదార్చానని.

ఏడాదిపాటు ఆ వాక్యం వెనకే దాక్కున్నాను. నిజంగా స్కూలు నుంచే వచ్చిందేమో. ఉండొచ్చు. ఎవరూ చెప్పలేరు. కానీ మొదట ఎవరు మంచాన పడ్డారో, డెస్‌ని ఎవరు కావలించుకున్నారో నాకు తెలుసు. ఆ లెక్క నూలాకి తెలియదు. తెలియనివ్వలేదు. తర్వాతి ఏడాది ఆమె స్కూలు మానేసింది. ఇప్పుడు కౌన్సిల్ ఆఫీసులో పని. ఆదివారాలు ఎవరినీ భోజనానికి పిలవదట. తన పిల్లలకి జలుబు చేస్తే వాళ్ళ నుంచి తానే దూరంగా వెళ్ళిపోతుందట. ఇవన్నీ ఎలా తెలుసంటే, ఆమే చెప్పింది. షాపులో కనిపిస్తే ఆగి మాట్లాడుతుంది. మొన్న శరత్కాలంలో తన చిన్నకూతురికి నన్ను చూపించి, "తాతయ్యని చివర్లో చూసుకున్న నర్స్ ఈమే," అంది. ఆ పిల్ల నాకు థాంక్యూ చెప్పింది. నేను సరుకుల బండి అక్కడే వదిలేసి కారులోకి వెళ్ళి కూర్చున్నాను.

జట్టు ఆ ఏడాది నిలిచింది. పైఏడు మూతపడింది. ఇప్పుడు ఆ రేకుల షెడ్డులో ఎవరో టైల్సు అమ్ముతున్నారు. మారెక్ ఊరెళ్ళిపోయాడు. జట్టు బతికి ఉంటే నేను చేసినదానికి అర్థం ఉండేదా? లేదు. ఒకప్పుడు ఉంటుందనుకున్నాను, అందుకే ఇది కూడా రాస్తున్నాను.

ఇంగ్లీషులో చాలాసార్లు మొదలుపెట్టాను. ఆ భాషలో నాకు ఆస్పత్రి మాటలు ఎక్కువ వచ్చు. లక్షణాలు, అనిశ్చితి, పరిస్థితుల ఒత్తిడి. మూడో వాక్యానికే నేను మాయమైపోయేదాన్ని. తెలుగులో రాస్తుంటే ప్రతి వాక్యం చివరా క్రియ వచ్చి నన్ను పట్టిస్తోంది. చూశాను. తోశాను. పెట్టాను. అన్నాను.

నూలాకి చెప్పాలి. చెబితే ఉద్యోగం పోవచ్చు, అది పెద్ద సంగతి కాదు. ఆమె నన్ను ఎలా చూస్తుందో అని భయం. ఆ భయంతోనే ఇన్నేళ్ళు నా తప్పుని ఆమె నెత్తిన వదిలేశాను. క్షమిస్తుందని అనుకోను. అడగను కూడా. ఆమెతో అనాల్సిన మాట మాత్రం మొదట ఇక్కడ, ఆమెకి రాని భాషలో, మీ ముందు అని చూసుకుంటున్నాను.

నూలా, మీ నాన్నకి జబ్బు నీ వంటింట్లోంచి రాలేదు. జబ్బు ఉందని కళ్ళారా చూసి కూడా ఆ మనిషిని నేను లోపలికి పంపాను. అందరూ గ్రాండేనా అని మీ నాన్న నన్ను అడిగారు. గ్రాండ్ అన్నాను.

అనేశాను. ఊపిరి కాస్త కిందికి దిగింది. ఆ సుఖానికి నాకు హక్కుందో లేదో తెలియదు.