పెరుగన్నం తినే పిల్లి

స్కానింగ్ గదిలో కర్టెన్లు లాగి లైటు ఆర్పగానే జనం గొంతు తగ్గించేస్తారు. నాకది నచ్చదు. తెర బాగా కనబడటానికే ఆ చీకటి అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. పైగా తెర వైపు చూడరు, నా మొహంలోకి చూస్తారు. రాజమండ్రిలో కుక్కల గుండెలూ పిల్లుల పొట్టలూ చూడటం మొదలుపెట్టాక నేను నేర్చుకున్న మొదటి విద్య, మొహం కదలకుండా ఉంచుకోవడం.

ఆ రోజు మాత్రం అది నా వల్ల కాలేదు.

కొవ్వూరు నుంచి భార్యాభర్తలు ఒక తెల్లపిల్లిని తీసుకొచ్చారు. ఆయన పౌరోహిత్యం చేస్తారు. ఆవిడ బుట్టను ఒళ్లోంచి దించనే లేదు. కొన్నాళ్లుగా పిల్లి ఆడటం మానేసిందనీ, పడుకున్నా డొక్కలు ఎగరేస్తోందనీ చెప్పారు. దాన్ని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, కాస్త బొచ్చు తీసి, జెల్ రాసి ప్రోబ్ ఆనించాను.

“ఎండలకి డీలా పడిందేమోనండి,” అన్నారాయన. “తిండికి మాత్రం లోటు లేదు. దీనికి అన్నీ మా అలవాట్లే వచ్చేశాయండి. పాలు, పెరుగన్నం, నెయ్యేసిన పప్పన్నం. గుడ్డు వాసన కూడా ఎరగదు.”

“మేం మూడో అంతస్తులో ఉంటాం కదండీ, బాల్కనీకి వల కట్టించేశాం,” అన్నారావిడ. “బల్లిని కూడా ముట్టదండి మా తల్లి.”

వాళ్లు మురిసిపోతూ చెబుతున్నారు. తెర మీద గుండె కదులుతోంది. కదులుతోంది అనడం కూడా ఎక్కువే. ఒక్కో దెబ్బకీ పిడికిలిలా బిగుసుకోవాల్సిన గుండె, పల్చబడిన గోడలతో ఊరికే అటూ ఇటూ ఊగుతోంది. ఊపిరితిత్తుల చుట్టూ నల్లగా నీరు. నా మొహం మారిపోయింది.

“ఎన్నాళ్ల నుంచీ పెరుగన్నమండీ?”

“కళ్లు తెరిచిన దగ్గర్నుంచీనండి.”

కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. అంత ప్రేమగా పెట్టినవాళ్ల మీద అరవడం ఎలా? అయినా కొంచెం అరిచాను. పిల్లి గుండెకు తప్పనిసరిగా కావలసిన పదార్థం ఒకటుందనీ, అది చేపలోనూ మాంసంలోనూ తప్ప అన్నం పెరుగుల్లో చాలినంత దొరకదనీ, చాలా కుక్కలకు ఒంట్లోనే తయారవుతుంది గానీ పిల్లికి ఆ వెసులుబాటు లేదనీ చెప్పాను. “పొట్టకు నిండుగానే పెట్టారండి. గుండెకే పస్తు,” అన్నాను.

ఆవిడ పిల్లి మీద చెయ్యి వేశారు. ఆ పదార్థం బిళ్లల రూపంలో దొరుకుతుంది, వాటిలో చేప ఉండదు. కానీ ఊళ్లో ఎక్కడా లేవు, తెప్పించాలి. అవి వచ్చేదాకా చేప పెడితే సాగిపోయిన గుండె మళ్లీ దగ్గరపడే ఆశ ఉంది. పెట్టకపోతే అవి వచ్చేదాకా పిల్లి ఉంటుందో లేదో చెప్పలేనన్నాను.

“మన ఇంట్లోకి చేపాండీ?” అని ఆవిడ భర్త వైపు తిరిగారు.

ఆయన పిల్లి ఎగరేస్తున్న డొక్కల వైపు చూశారు. చివరికి, “ఇంట్లోకి వద్దులే. మెట్ల మీద పెడదాం,” అన్నారు.

సూదితో కొంత నీరు తీసి, మందులిచ్చి పంపాను.

ఆ వారంలోనే మళ్లీ వచ్చారు. ఈసారి ఆయన చేతిలో స్టీలు డబ్బా, గదంతా చేప వాసన. తలకు తువ్వాలు చుట్టుకుని, తెలిసినవాళ్లు లేని వీధికి వెళ్లి, బేరమైనా ఆడకుండా కొన్నారట. కింది అంతస్తులో ఉండే టీచరు గారు ఉడకబెట్టి ముళ్లు తీసి ఇచ్చారట.

“తినట్లేదండి డాక్టరు గారూ,” అంటూ, పొద్దున పూజ చేసుకొచ్చిన చేత్తోనే ఒక ముక్క తీసి పిల్లి నోటి దగ్గర పెట్టారు. అది వాసన చూసి వెనక్కి జరిగింది. పుట్టాక ఎరగని వాసన, అది తిండి అని దానికెలా తెలుస్తుంది? నేను వేలితో చిగుళ్లకు రాస్తే తల విదిలించింది. నా దగ్గరున్న పిల్లుల ప్యాకెట్ తిండినీ ముట్టలేదు. బలవంతంగా నోట్లో కుక్కితే ఆ ఆయాసంలో నా చేతుల్లోనే పోతుందని భయమేసింది.

ఆవిడ సంచిలోంచి చిన్న గిన్నె తీశారు. పెరుగన్నం. పిల్లి రొప్పుతూనే తల ఎత్తి, గిన్నె అడుగు కనబడేదాకా నాకింది. ఆయన చేప ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మళ్లీ ప్రోబ్ పెట్టాను. తీసిన నీరంతా తిరిగి చేరుతోంది. ఇద్దరూ తెర చూడలేదు, నా మొహమే చూశారు.

బిళ్లలు శనివారం వచ్చాయి. పొడి చేసి పెరుగన్నంలో కలిపేస్తే చాలు, దానికి తెలియను కూడా తెలియదు. ఆ మాట చెబుదామని ఆత్రంగా ఫోన్ చేశాను. పిల్లి ఆ పొద్దున్నే పోయిందన్నారాయన.

బిళ్లల మాట ఇక ఎత్తలేదు నేను. తర్వాత ఆయనే, నన్ను ఓదారుస్తున్నట్టు, “ఒక్క పూట కూడా పస్తు పెట్టలేదండి దాన్ని,” అన్నారు.

“అవునండి,” అన్నాను.