చౌల్దారీ చర్చిలో నా అల్లంపువ్వు

ఎమ్మెస్సీకి నాకు రెండు దారులుండేవి. మెయిన్‌లాండ్‌లో బయోటెక్ సీటు మార్కులతోనే వచ్చేసింది. మొక్కల వర్గీకరణ చదవాలంటే మాత్రం సోమవారం పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంటర్వ్యూ. దానికి నేను సేకరించిన మొక్కను పువ్వుతో సహా పట్టుకెళ్లాలి, పువ్వు చూడందే ఏ జాతో తేల్చలేం కదా. నా మనసంతా ఈ రెండోదాని మీదే. చౌల్దారీలో మా మేనత్త మార్తమ్మ పెరట్లో రెండేళ్లుగా నేను కాపు కాస్తున్న అడవి అల్లం పూసిందని పక్కింటివాళ్ల నుంచి కబురు రాగానే, ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

మా గరాచర్మలో ఏడింటికి బస్సెక్కితే ముప్పావుగంట, ఇరవై రూపాయల టికెట్. కిటికీ పక్కన కూర్చోండి. వాన వెలిసిన పోకతోటల్లో మంచు మెల్లగా కదులుతుంటుంది. చూస్తూ చూస్తూ నిద్రలోకి, అక్కణ్నుంచి ఇంటర్వ్యూ గదిలోకి జారిపోయాను. "దీదీ, చౌల్దారీ ఆ గయా, దిగండి!" అని కండక్టర్ లేపాడు.

పెరట్లో ఆకులున్నాయి, పూగుత్తి లేదు. కోసిన కాడ ఇంకా పచ్చిగానే ఉంది.

"అత్తా! పువ్వేదీ?"

"ఎర్రగా ఎంత ముద్దొచ్చిందో! నిన్న సాయంత్రం చర్చికి కోసిచ్చానమ్మా. నువ్వెప్పుడొచ్చినా ఆకులేగా పట్టుకెళ్తావు, ముఝే క్యా మాలూమ్, నాకేం తెలుసు?"

నిజమే, పువ్వు కావాలని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పి చావలేదు నేను. ఏడుపొచ్చేసింది. "వెళ్లి తెచ్చుకోనా?" అన్నాను.

"దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటామా? తప్పు!" అంది.

తొమ్మిదింటి ఆరాధనలో ముందు వరసలోనే కూర్చున్నాను. ప్రసంగం చెప్పే పుల్పిట్ పక్కన గాజుకూజాలో నా గుత్తి. తెలుగు పాటలు, బయట సన్నగా చినుకులు, తేలిపోతున్నట్టుంది. దేవుడు క్షమించుగాక, ప్రసంగమంతా నేను రేకులే లెక్కపెట్టాను. చివరి ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు, గుత్తిలోంచి విచ్చుకున్న పువ్వొకటి జారి నేలమీద పడింది. పక్కకి చూస్తే అత్త కూడా కళ్లు తెరిచే ఉంది!

"రాలింది దేవుడు వదిలేసినట్టే. తీసుకో పో. గుత్తి జోలికెళ్లావో, చూడు మరి!" అని గుసగుసలాడింది.

ఆ ఒక్క పువ్వునీ స్పిరిట్ సీసాలో వేసుకుని, పెరట్లోంచి ఆకులు కోసుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఇంటర్వ్యూలో దాన్ని విప్పి చూపించాను, సీటొచ్చింది. బయోటెక్ వదులుకుంటూ ఉత్తరం రాసినప్పుడు కలిగినంత హాయి నేనెప్పుడూ ఎరగను. ఇన్నాళ్లూ మొక్కల్ని చూడ్డమే చదువనుకున్నాను, వాటికి నీళ్లు పోసేవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడాలని తోచనే లేదు. మీరూ మొక్కల కోసం ఇటొస్తే ఒక్క జాగ్రత్త: పువ్వు కావాలని ఇంటివాళ్లకి శనివారం లోపే చెప్పండి.