వేలితో చూసే అవ్వ

గోదావరిలో వల వేసే భద్రాచలం అవ్వ ఒకామె, తాబేలు చిక్కితే దాని వెనకకాలి సందులో వేలు పెట్టి చూసేది. గుడ్లు తగిలితే, ఇంట్లో కూరకేమీ లేకపోయినా, "పో బిడ్డా, పెట్టి రా" అని వదిలేసేది.

తాబేలు వేటకు ఉమ్మడి కట్టుబాటు రాయాలని నాలుగు దేశాలవాళ్లు మా ఊరి సభకు వచ్చినప్పుడు, వాళ్ల మాటలు తెలుగులో చెప్పింది నేనే. పూర్తిగా ఆపాలా, కొంత పట్టనివ్వాలా అని పొద్దంతా వాదన. అవ్వ లేచి వేలు వంచి చూపించింది. వచ్చినవాళ్లలో అమెజాన్ నది జాలరి ఒకడు నవ్వి తన వేలూ అలాగే వంచాడు. నేను నోరు విప్పకముందే, గుడ్లున్నవాటిని వదలాలన్న మాట కుదిరింది.

అప్పుడు నాకు ఐదో నెల. తెలిస్తే మళ్లీ పిలవరని చున్నీతో దాచుకున్నాను. అవ్వ నా భుజం మీద చెయ్యేసి సభ నడిపే పెద్దసారుతో అంది: "ఈ బిడ్డ కని వస్తది సారూ. గప్పటిదాంక గీ కుర్చీ ఎవ్వరికియ్యకుర్రి."

ఇవాళ ఆ కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను.