ఎర్ర గిటారు, తలుపు గొళ్లెం

కరుగుతున్న మైనం వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. పోయిన నెల కొన్న పాత ఎలక్ట్రిక్ గిటారు పలకకపోతే, దాన్ని వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, తీగల కింద బిగించి ఉండే పికప్‌ను, అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ చుట్టిన చిన్న డబ్బీని ఊడదీసి, మూత రాకపోతే వేడినీళ్ల ఆవిరి మీద పట్టుకున్నాను. అందులోంచి వచ్చింది కంపెనీవాళ్లు పోసే మైనం వాసన కాదు. ఆరాధన అయ్యాక ఆర్పేసిన చర్చి కొవ్వొత్తుల వాసన. గిటారులో చర్చి కొవ్వొత్తులు కరిగించి పోసే మనిషి ఈ లోకంలో నాకు తెలిసి ఒక్కడే.

నలభై ఏళ్ల కిందట మా ఇల్లు దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉండేది. రైలు వచ్చినప్పుడల్లా అటక మీది గిన్నెలు గలగలమనేవి, రైల్వేలో పనిచేసే మా నాయన ఆ చప్పుడు విని ఏ బండి ఎంత ఆలస్యమో చెప్పేవాడు. ఎండాకాలం అరుగు మీద మేం ఆడిన చింతగింజల ఆటలు, మొహర్రంలో గల్లీ మొగదల పోసే చల్లటి షర్బత్, ఆషాఢంలో బోనాల డప్పులు, రంజాన్ పండగనాడు ఖాదర్ భాయ్ ఇంటి నుంచి వచ్చే షీర్‌ఖుర్మా, క్రిస్మస్‌కు మా అమ్మా నాయనమ్మా కట్టెల పొయ్యి ముందు కూర్చుని కాల్చే గరిజెలు, అరిసెలు, వీటితోనే మాకు ఏడాది గడిచేది. ఒక ఇంటి డబ్బా ఇంకో ఇంటికి వెళ్తే ఖాళీగా తిరిగి రాకూడదనేది మా గల్లీ చట్టం, ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా పోసి పంపేవారు.

మా నాయన తమ్ముడిని నేను చిన్నబాపు అని పిలిచేదాన్ని. సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఆదివారం చర్చి పాటల బృందంలో వాయించేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా, మూతబడిన ఒక పెళ్లి బ్యాండు వాళ్ల దగ్గర ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొచ్చాడు. చూడటానికి పెళ్లికూతురిలా ఉంది గానీ నోట మాట లేదు. ఆ ఎండాకాలమంతా ఇద్దరం దాని సేవలోనే ఉన్నాం. తుప్పు గీకాం, మీటలకు కొబ్బరినూనె పట్టించాం, పికప్ కాలిపోయిందని తేలాక ఖాదర్ భాయ్ వైండింగ్ దుకాణానికి పట్టుకుపోయాం. ఆయన ఫ్యాన్లకు, నీళ్ల మోటార్లకు తీగ చుట్టేవాడే తప్ప గిటారు కడుపు ఎన్నడూ చూసినవాడు కాదు. అయినా తీగ చుట్టడం ఎక్కడైనా చుట్టడమే కదా అని పని మొదలుపెట్టాడు.

ఆయన మిషను పిడి తిప్పుతూ చుట్లు లెక్కపెడుతుంటే, నూరు కాగానే ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలోకి ఒక చింతగింజ వేయడం నా పని. తీగ రెండుసార్లు తెగింది, రెండుసార్లూ మొదటికొచ్చాం. మూడోసారి ఎనభై గింజలు పడ్డాయి. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది: ఏ మోటారు చుట్టినా, ఎన్ని చుట్లో, ఎవరు చుట్టారో చీటీ రాసి లోపల పెట్టేవారు, మళ్లీ విప్పేవాడు తడుముకోకుండా. గింజలు వేసింది నువ్వు కాబట్టి నువ్వే రాయాలని ఖాదర్ భాయ్ పెన్సిల్ నా చేతికిచ్చాడు. "80 గింజలు. జ్యోతి, నాలుగో తరగతి బి" అని రాశాను. చిన్నబాపు చర్చిలో ఏరిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, తీగ కదలకుండా దాని మీద పోశాడు. గిటారు మొదటిసారి పలికిన సాయంత్రం, గల్లీ పిల్లలందరి ముందు నా నెత్తి మీద చెయ్యి పెట్టి అన్నాడు: "నువ్వు పది పాసైన దినం ఇది నీదే బిడ్డా. నా మాట మాటే."

మరుసటి ఏడు చిన్నబాపుకు పెళ్లయింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం, అమ్మా నాయనమ్మా చర్చి కడగడానికి పోతూ ఖాదర్ భాయ్ ఇంటికి గరిజెల డబ్బా ఇచ్చి రమ్మని నాకు చెప్పారు. చిన్నమ్మ పుట్టింట్లో ఉంది. నేను తలుపు వేసి పోయి, డబ్బాలో ఖర్జూరాలతో తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, గోడకు వేలాడే గిటారు లేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన చిన్నబాపు గోడ వైపు చూసి, నా ముందు గొంతుకూర్చుని, కోపం కూడా లేకుండా, "గొళ్లెం పెట్టినవా బిడ్డా?" అని అడిగాడు. పెట్టాననే అనుకున్నాను. కానీ ఆయన అంత మెల్లగా అడిగేసరికి నా మీద నాకే అనుమానం వచ్చింది. తెలియదన్నాను. ఆ ఒక్క మాటతో దొంగ సంగతి అందరూ మరిచిపోయారు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, రోగులకూ ప్రయాణికులకూ తర్వాత, నాయనమ్మ నా కోసం కూడా ఒక ముక్క కలిపేది. "గొళ్లెం మరిచిన ఈ పిల్లను క్షమించు ప్రభువా." ఏళ్ల తరబడి అదే ప్రార్థన. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది చిన్నబాపే. దొంగతనమైన వారానికి ఆయన ఫ్యాక్టరీ సొసైటీలో వాయిదాల మీద ఇచ్చారని చెప్పి చిన్నమ్మకు కుట్టుమిషను తెచ్చాడు. దాని మీద ఆమె మొదట కుట్టింది నా క్రిస్మస్ గౌను, గులాబీ రంగు సాటిన్. అంత నష్టం చేసినా నీకు గౌను కుట్టారు చూడు అని అమ్మ అంటే, సిగ్గుతో తల వంచుకుని తొడుక్కున్నాను. పది పాసయ్యాను, ఎవరూ గిటారు మాట ఎత్తలేదు. నేను మళ్లీ ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. ఇల్లు దాటిన ప్రతిసారీ సందు మలుపు దాకా పోయి వెనక్కి వచ్చి గొళ్లెం చూసుకోవడం మాత్రం అలవాటైంది. పెళ్లయ్యాక మా ఆయన దీన్ని జ్యోతి ప్రదక్షిణం అనేవాడు.

యాభై దగ్గరపడ్డాక, ఇకనైనా నేర్చుకుందామని పాత గిటారు కోసం వాకబు చేస్తే, ఖాదర్ భాయ్ కొడుకు జావీద్ దుకాణం ఖాళీ చేస్తూ అటక మీదున్నదాన్ని దింపాడు. నల్ల రంగు వేసి ఉంది కాబట్టి గుర్తుపట్టలేదు. అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను. ఇప్పుడు మైనం కరిగి మూత ఊడింది. లోపల నూనె కాగితంలా మారిన చీటీ మీద నా చేతిరాత. 80 గింజలు. గోటితో అంచు గీకితే నల్లరంగు కింద ఎరుపు.

దొంగ సొత్తు నీ దగ్గరికెలా వచ్చిందని జావీద్‌కు ఫోన్ చేశాను.

"దొంగ ఎవరు ఆపా? మీ చిన్నబాపే తెచ్చి మా మామకు ఇచ్చిండు. బదులుకు మా మామీ కుట్టుమిషన్ తీస్కపోయిండు. ఇంట్ల ఎవ్వరికి చెప్పొద్దని మా అబ్బా దగ్గర మాట తీస్కున్నడు."

మామ పోయాక గిటారు జావీద్ వాళ్ల దుకాణం అటక మీదికి చేరిందట. ఆ డిసెంబరు తర్వాత ఖాదర్ భాయ్ మా డబ్బా నిండా ఖర్జూరాలు ఎందుకు పోసి పంపేవాడో నాకప్పుడు అర్థమైంది. నేనది ప్రేమ అనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా నాయనమ్మ ప్రభువూ పట్టలేదు. డ్యూటీ మధ్యలో వచ్చి, నేను పెట్టిన గొళ్లెం తీసి, తలుపు బార్లా వదిలి పోయింది ఆయనే. మిషను కావాలంటే గిటారు ఇచ్చెయ్యనీ, మాట తప్పనీ, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. పదేళ్ల పిల్లకు తన చెయ్యి మీదే నమ్మకం లేకుండా చేయడం ఎందుకు?

పికప్ మళ్లీ చుట్టించి, తీగలు మార్చి, ఆదివారం నాడు గిటారు తీసుకుని జల్‌పల్లి వెళ్లాను. చిన్నబాపు అక్కడ చిన్న ప్లాటులో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. చిన్నమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఎక్కడ దొరికిందో చెప్పకుండా, గుర్తుందా అని మాత్రం అడిగాను. ఆయనకు ఒక అవకాశం ఇద్దామనే. అంచున బయటపడిన ఎరుపును వేలితో తడిమి చాలాసేపు చూశాడు.

"ఏడ దొరికింది బిడ్డా? ఆ దొంగ ఎవనికి అమ్ముకున్నడో," అన్నాడు. ఆగి, మళ్లీ మెల్లగా, అప్పటి గొంతుతోనే, "ఆ దినం నువ్వు గొళ్లెం పెట్టుంటే ఈ లొల్లే లేకపోవు," అన్నాడు.

చీటీ తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"పెట్టిన చిన్నబాపూ. నేను గొళ్లెం పెట్టిన."

ఆయన చీటీ చదివాడు. నా వైపు చూడలేదు. మూలన పూల గుడ్డ కప్పిన కుట్టుమిషను వైపు చూశాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చింది, తాగి వచ్చేశాను.

దబీర్‌పురాలో మా ఇంటి చోట ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. జావీద్ దుకాణంలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. డబ్బాలు ఇంటింటికీ తిరగడం ఎప్పుడో ఆగిపోయింది, ఆ ప్రార్థన చేసిన నాయనమ్మా లేదు. గిటారు బాగానే పలుకుతోంది. ఈరోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ గొళ్లెం పెట్టి, తాళం వేసి, సందు మలుపు దాకా నడిచాను. ఆ రోజు నేను పెట్టానని ఇప్పుడు తెలుసు కదా అనుకుంటూనే వెనక్కి వచ్చి చూసుకున్నాను. పెట్టే ఉంది.